ప్రకటనలు చదివే నేర్పు

ప్రసంగం బాగుందని పాస్టరు అయ్యగారికి చెబుతాం, పాట బాగుందని గాయక బృందానికి చెబుతాం. ప్రకటనలు బాగా చదివారని సంఘ కార్యదర్శికి చెప్పేవాళ్లు అరుదు. మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లో ఆ కాసేపటి పనిని ఓసారి గమనించండి. మంచి కార్యదర్శి కాగితాన్ని వారం వరసలో రాసుకుంటారు: బుధవారం గృహ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం స్త్రీల మైత్రి, ఆ పైన కోత పండుగ. రోజు, వేళ, చోటు రెండేసిసార్లు పలుకుతారు, అదీ వినికిడి తగ్గిన పెద్దలు కూర్చున్న వైపు తిరిగి. గృహ ప్రార్థన జరిగే ఇంటి నంబరుతో సరిపెట్టరు. ‘వాటర్ ట్యాంకు పక్క సందు, నీలం గేటు’ అంటారు, కొత్తవాళ్లకూ దారి తెలియాలిగా. ప్రార్థన కోరేటప్పుడు జబ్బుపడ్డవాళ్ల పేరు చెబుతారు గాని జబ్బు పేరు చెప్పరు. పెళ్లి ప్రకటనైతే మూడు ఆదివారాలూ ఇరువైపుల ఇంటిపేర్లు తడబడకుండా చదువుతారు. కోత పండుగకు బియ్యం బస్తా ఇచ్చినవాళ్ల పేరూ, పెరట్లో కాసిన ఒక్క గుమ్మడికాయ తెచ్చినవాళ్ల పేరూ ఒకే గొంతుతో చదువుతారు. ‘ప్రేమ విందుకు అందరూ ఉండండి’ అనేటప్పుడు చూపు మొదటిసారి వచ్చి వెనక వరసలో కూర్చున్న మనిషి దాకా వెళ్తుంది. ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇంటికి బుధవారం పదిమంది వచ్చారంటే ఆ కాగితం చలవే. వచ్చే ఆదివారం ప్రకటనలప్పుడు ఫోను తీయకండి. ఆరాధన అయ్యాక చదివినవారికి ఓ మంచి మాట చెప్పండి.