మార్గరిన్ డబ్బా మీది నిజం

బేకరీ సరుకులు అమ్మే దుకాణానికి వెళ్లినప్పుడు మార్గరిన్ డబ్బాను ఒకసారి తిప్పి చూడండి. కొన్నిటి మీద ‘గ్లూటెన్ రహితం’ అని, ‘కొలెస్టరాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. రెండూ నిజాలే. అయితే ఉప్పు పొట్లం మీద ‘ఇందులో చక్కెర లేదు’ అని రాసినటువంటి నిజాలు. కొలెస్టరాల్ జంతు కణాలలో ఉండేది. మొక్కల నూనెల్లో చెప్పుకోదగినంత ఉండదు. మరి గ్లూటెన్ సంగతేమిటి?

దాన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. గుప్పెడు గోధుమపిండిని ముద్దగా కలిపి, అరగంట నాననిచ్చి, సన్నని నీటిధార కింద పిసుకుతూ ఉండండి. పాలలాగా కారిపోయేది పిండిపదార్థం. చివరికి వేళ్ల మధ్య రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. గ్లయడిన్, గ్లుటెనిన్ అనే ప్రొటీన్లు నీటితో కలిసి అల్లుకున్న వల అది. బార్లీలో, రై ధాన్యంలో కూడా ఇలాంటి ప్రొటీన్లున్నాయి. బియ్యప్పిండితో ఇదే ప్రయోగం చేస్తే చేతిలో ఏమీ మిగలదు.

సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఈ ప్రొటీన్లు విషంతో సమానం. వీటివల్ల వారి శరీరపు రక్షణ వ్యవస్థ చిన్నప్రేగు మీదనే దాడి చేస్తుంది. ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు అరిగి చదునైపోతాయి. గోధుమకు, ఈ వ్యాధికి ఉన్న సంబంధాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె 1940ల్లో నిరూపించాడు. గోధుమ ఎక్కువగా తినే ఉత్తర భారతంలో ఈ వ్యాధి దక్షిణాదిలో కంటే ఎక్కువ.

మార్గరిన్‌లో నూటికి 80 వంతులు కొవ్వు, మిగిలినది చాలావరకు నీరు. గ్లూటెన్ ఉండవలసిన అవసరమే లేదు. ‘కానీ మార్గరిన్‌లో పిండి కలుపుతారట!’ అని భయపెట్టేవారున్నారు. అందులో కొంత నిజముంది. రంగు, రుచి కలిపిన మార్గరిన్‌లో పదిలక్షల పాళ్లకు 100 నుంచి 150 పాళ్ల పిండిపదార్థం ఉండాలని మన 2011 నాటి ఆహార ప్రమాణాలలో నిబంధన ఉంది. వెన్నలో మార్గరిన్ కలిపి అమ్మితే పట్టుకోవడానికి అదొక ఆనవాలు; అయోడిన్ తగిలితే పిండిపదార్థం నీలంగా మారుతుందని మీరు చదువుకునే ఉంటారు. సరే, అది గోధుమ నుంచే తీసిందనుకుందాం. కడిగినా పోకుండా అందులో నూటికి ఒక పాలు ప్రొటీన్ ఉండిపోయిందనుకుందాం. లెక్క వేయండి: 150లో నూరోవంతు, అంటే పదిలక్షలకు ఒకటిన్నర పాళ్లు. గ్లూటెన్ రహితం అనడానికి అనుమతించిన హద్దు 20 పాళ్లు. భయపడవలసింది ఇక్కడ కాదు. రొట్టెకు రాసిన కత్తినే మళ్లీ డబ్బాలో ముంచితే రాలే పొడి ఉందే, అక్కడ! సీలియాక్ రోగి ఉన్న ఇంట్లో ఆ డబ్బా, కత్తి విడిగా ఉండాలి. తక్కువ కొవ్వుతో చేసిన పూతల్లో చిక్కదనానికి ఏం వాడారో కూడా చదవాలి. అటువంటి ఇంటికి ఆ ముద్ర ఉపయోగమే, కాదనను.

నా అభ్యంతరం వేరు. ఆ ముద్ర చూసి, ఏ జబ్బూ లేనివారు కూడా ‘ఇది ఆరోగ్యకరం’ అనుకుంటున్నారు. మార్గరిన్‌ను గురించి అడగవలసిన ప్రశ్న ప్రొటీన్‌ది కాదు, కొవ్వుది.

ద్రవ నూనెను గట్టిపరచడానికి నికెల్ ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజన్ పంపే పద్ధతి 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. మన వనస్పతి కూడా ఆ పద్ధతి బిడ్డే. హైడ్రోజనీకరణం పూర్తికానప్పుడు, మిగిలిన ద్విబంధాలు కొన్ని సిస్ రూపం నుంచి ట్రాన్స్ రూపానికి మారతాయి. సిస్ గొలుసు వంగి ఉంటుంది. ట్రాన్స్ గొలుసు దాదాపు తిన్నగా ఉండి, పక్కదానితో కట్టెలమోపులా దగ్గరగా ఒదుగుతుంది. అందుకే గట్టిపడుతుంది. పాశ్చాత్య దేశాల్లో వైద్యులు ఎన్నో ఏళ్లు వెన్న మాని ఇది తినమన్నారు. 1990లో మెన్సింక్, కటాన్ అనే ఇద్దరు (వీరూ నెదర్లాండ్స్ వారే) 59 మంది ఆరోగ్యవంతులకు మూడేసి వారాల చొప్పున వేర్వేరు కొవ్వులున్న ఆహారం పెట్టి చూశారు. ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్టరాల్‌ను పెంచడమే కాక మంచి కొలెస్టరాల్‌ను తగ్గించింది. డబ్బా మీద ‘కొలెస్టరాల్ లేదు’ అన్న మాట అప్పుడూ అబద్ధం కాదు!

మన దేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదన్న నియమం 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. దాంతో బెడద తగ్గింది, తీరలేదు. గట్టిదనం కోసం ఇప్పుడు పామాయిల్ వంటి సంతృప్త కొవ్వుల వైపు మొగ్గు ఉంది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. పైగా గ్లూటెన్ వల లేని కేకు, బిస్కెట్టు విరిగి పొడికాకుండా ఉండాలంటే కొవ్వు తోడు కావాలి. కాబట్టి ‘గ్లూటెన్ రహిత’ బిస్కెట్టు తేలికపాటి తిండి అని మీకెవరైనా చెబితే నమ్మకండి.

మార్గరిన్‌లన్నీ చెడ్డవని కాదు. సోయా, పొద్దుతిరుగుడు నూనెలు ఎక్కువగా ఉండి, ట్రాన్స్ కొవ్వు లేని మెత్తని రకం వెన్న కంటే గుండెకు మేలే. డబ్బా వెనుక సన్నని అక్షరాల్లో పదార్థాల పేర్లు బరువు ఎక్కువ ఉన్నదానితో మొదలవుతాయి. ఒకదానిలో మొదటి పేరు సోయా నూనె కావచ్చు, మరొకదానిలో పామాయిల్ కావచ్చు. ముందువైపు మాత్రం రెండింటి మీదా అవే పెద్ద అక్షరాలు.