చల్లటి లొట్టి

బీరు అంటే పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండాలని మనవాళ్ల పట్టుదల. లేత రంగు లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు సరే. స్టౌట్ అనే నల్లబీరుకు మాత్రం 10 నుంచి 13 కావాలి. మరీ చల్లబడితే వేయించిన గింజల వాసన తెలియదు.

థర్మామీటరు లేకుండానే ఈ మర్మం ఎరిగినవాడు మన గీత కార్మికుడు. కామారెడ్డి జిల్లా రాజంపేట వైపు పల్లెల్లో అతడు పొద్దు పొడవకముందే మోకు వేసుకుని చెట్టెక్కుతాడు. ఎందుకంత తొందర? లొట్టిలో పడ్డప్పటి నుంచే కల్లు పులియడం మొదలవుతుంది. ఎండ ముదిరేకొద్దీ జోరందుకుంటుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నం ఘాటు, రాత్రికి పులుపు, ఇంకా ఉంచితే వెనిగరే. చలికాలపు ఈత కల్లయితే రాత్రంతా చెట్టు మీదే చల్లబడి దిగుతుంది. మట్టి లొట్టి గోడల తేమ ఆవిరవుతూ ఆ చలువను కాస్త నిలుపుతుంది. అందులో ఐసు ముక్కలేసేవాళ్లను నేను క్షమించలేను.

పట్టు తప్పితే ప్రాణమే పోయే పని ఆ చెట్టెక్కడం. అలవాటున్నవాళ్లు పొద్దున్నే చెట్టు కిందికి వెళ్లండి. బేరమాడకుండా, దించినవాడి చేత్తోనే తాటాకు రేకలో పోయించుకోండి.