అడుగుటయందలి ధర్మము

తనకొఱకు చేయి చాచుటకంటె పరులకొఱకు చాచుట సులభమని తలచువారు ఎన్నడును చందా రశీదు పుస్తకము చేతబట్టి వీధిలోనికి దిగినవారు కారు. ఆకలిగొన్నవాడు తన డొక్క చూపి అడుగగలడు. ఆసుపత్రికై అడుగు స్వచ్ఛందసేవకుడో, వార్డులో మూల్గుచున్న అపరిచితుని బాధను, అప్పుడే భోజనము ముగించి అరుగుపై విశ్రమించిన గృహస్థుని మనస్సునకు తగులునట్లు పలుకవలెను. పలికియు, ఆయనను సిగ్గుపఱుపరాదు, నలుగురి యెదుట నిలవేయరాదు. మా పట్టణమందలి ధర్మాసుపత్రికై ఏటేట విరాళములు కూర్చు బృందములో నేనొకడను గనుక, ఈ వారము ఆ పనినిగూర్చియే వ్రాయదలచితిని.

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు విననివారు అరుదు. 1883లో అమెరికానుండి వచ్చిన అన్నా సారా కుగ్లర్ అను వైద్యురాలు, పురుషవైద్యునకు చేయి చూపుటకైనను సమ్మతింపని స్త్రీలకు చికిత్స చేయుచు, స్వదేశమందలి లూథరన్ స్త్రీసమాజములు కూర్చి పంపిన ధనముతో 1898 నాటికి అక్కడ ఆసుపత్రిని నిలిపెను. పిదప, తన యింటివారికి జరిగిన చికిత్సకు కృతజ్ఞుడైన ఏలూరు జమీందారు రాజా భుజంగరావు, రోగులవెంట వచ్చు బంధువులు తలదాచుకొనుటకు ఆసుపత్రి చెంత సత్రము కట్టించెను. ఈ వృత్తాంతమంతటిలోను నా మనస్సున నిలిచినది ఆ సత్రమే. రోగిని కనిపెట్టుకొని ఉండువారికి పండుకొను చోటు వలయునని, వండుకొను పొయ్యి వలయునని, ఆసుపత్రితో కొంతకాలము మసలినవానికి తప్ప అన్యునకు తోచదు. కావున విరాళమునకు బయలుదేరువాడు దాత గుమ్మముకంటె ముందు రోగి వరండాను చూడవలెనని నా దృఢవిశ్వాసము. మా బృందములో క్రొత్తగా చేరినవారిని మొదట ఔట్‌పేషెంటు వరుసలో ఒక పూట కూర్చుండబెట్టి, ఆ తరువాతనే రశీదు పుస్తకము చేతికిత్తుము.

మనవారు భవనమునకు ధారాళముగా నిత్తురు. ఎన్.టి. రామారావు తన భార్య పేర తలపెట్టగా 2000లో హైదరాబాదున ప్రారంభమైన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి అమెరికాలోని ప్రవాసాంధ్రులు సైతము విరాళములు కూర్చిరి. అది గర్వింపదగిన కార్యము. అయినను గోడలు లేచిన మఱునాటినుండి ఏ ఆసుపత్రికైనను ఆక్సిజన్ కావలెను, జనరేటరుకు డీజిలు కావలెను, దుప్పట్లు ఉతికించవలెను, ఎక్స్‌రే యంత్రమును బాగుచేయించవలెను, రాత్రి కాపున్న ఆయాకు నెలతిరుగగనే జీతమియ్యవలెను. వీటిపై శిలాఫలకము చెక్కుట సాధ్యము కాదు. అందువలననే వీటికి దాత దొరకుట కష్టము. 2007లో ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట శస్త్రచికిత్సల భారము అనేకులకు తగ్గినమాట నిజమే. రోగివెంట వచ్చిన కూలివాని పోయిన దినకూలి మాత్రము తిరిగి రాదు.

ఒకయేట ఒక వృద్ధకృషీవలుడు మమ్ము చూచి, "ఏమయ్యా, గోడలకా, మందులకా?" అని అడిగెను. మందులకే అని చెప్పితిమి. "అయితే కూర్చోండి" అనెను. ఆ రెండు ముక్కలలో ఆయన మా పనికి పరీక్షయు పెట్టెను, ఉత్తీర్ణతయు నిచ్చెను. అడుగుటకు తగిన వేళయు ఎఱుగవలెను. రైతునొద్దకు నాట్లవేళ పోరాదు. ధాన్యము ఇల్లు చేరిన పుష్యమాఘములలో పోవలెను. పూర్వము కళ్ళములోనే చాకలికి, మంగలికి, వడ్రంగికి మేర కొలిచిన పిదప మిగిలినది గాదెకెక్కెడిది. ఆసుపత్రికిని అట్టి మేర యొకటి ఉండవలెనని మేము చెప్పినప్పుడు పెద్దవయస్సు రైతులు మాట పూర్తికాకమునుపే గ్రహింతురు.

ఎవరు ఇత్తురో ముందుగా నిర్ణయించుకొని పోవుట ఈ పనిలో పెద్ద దోషము. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు, దేవదాసీలును ఘోషాస్త్రీలును ఆయనను దర్శింపవలెనని పట్టుపట్టిన దుర్గాబాయి అను బాలికకు పండ్రెండేండ్లయినను నిండలేదు. 5,000 రూపాయల నిధి కూర్చినచో కొలదినిమిషములు లభించునని నిర్వాహకులు చెప్పగా, ఆ ధనమును సమకూర్చినవారు దేవదాసీలే. సభలో గాంధీజీ మాటలు విని స్త్రీలు తమ గాజులు, గొలుసులు సైతము తీసి యిచ్చిరి. సంఘము ఎవరిని దాతలలో లెక్కింపలేదో వారే ముందుగా నిచ్చిరి. ఆ బాలికయే 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించినది. ఆ సభ పక్షమున తరువాత ఆసుపత్రులును వెలసినవి. మా పట్టణమునను, మేడల యజమానులు రేపు రమ్మని పంపిన దినములలో, ఆటోస్టాండు డ్రైవర్లు తమలో తాము చందా వేసికొని తెచ్చి యిచ్చుట, పూలమ్ముకొను స్త్రీ గంపలోని నోటు తీసి చేతబెట్టుట నేను చూచితిని. వారి యింటివారెవరో మా ఆసుపత్రిలో బ్రతికి బయటపడియుందురు.

ఇచ్చినవాని హక్కు ఇచ్చుటతో ముగియదు. పదిరూపాయలకైనను రశీదు వ్రాయవలెను. జమాఖర్చులను ఏటేట ఆసుపత్రి గోడపై అందఱు చదువునట్లు అంటింపవలెను. నగదుగా 2,000 రూపాయలకు మించి యిచ్చినచో ఆదాయపు పన్ను మినహాయింపు లభింపదని దాతకు మనమే ముందుగా చెప్పవలెను. ఆయనకు కలుగు నష్టమును దాచి పుచ్చుకొన్న ధనము ధర్మధనము కానేరదు.

పాఠకులకు నాదొక విన్నపము. ఈ సంక్రాంతి తరువాత మీ ఊరి ఆసుపత్రికై ఎవరైన మీ గుమ్మమెక్కినచో, ముందు వారి లెక్కల నడుగుడు. లెక్కలు సరిగా నున్నచో, మీ పేరు చెక్కు గదికి కాక, దుప్పట్లకును డీజిలునకును ఖర్చుపెట్టుమని చెప్పి యిండు.