తగువుకు ముందే కట్టిన మెట్లు

సింధు జలాల ఒప్పందం అనగానే తూర్పు నదులు మనకు, పడమటి నదులు పాకిస్తాన్‌కు అన్న పంపకమే అందరికీ గుర్తొస్తుంది. నాకు మాత్రం అందులో అసలైన పనితనం చివర్న ఉన్న అనుబంధం ‘జి’లో కనిపిస్తుంది. తగువు వస్తే తీర్పు చెప్పేవాళ్లను ఎలా తెచ్చుకోవాలో చెప్పే భాగం అది. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఆ పత్రంలో ఈ కొద్ది పేరాలు రాసినవాళ్లకు మనుషుల తీరు బాగా తెలుసు.

మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో ఏడుగురు ఉంటారు. రెండు దేశాలూ చెరో ఇద్దరిని వేసుకుంటాయి. మిగిలిన ముగ్గురూ అంపైర్లు: అధ్యక్ష స్థానానికి తగిన పెద్ద ఒకరు, ఆరితేరిన ఇంజినీరు ఒకరు, అంతర్జాతీయ న్యాయం తెలిసినవారు ఒకరు. ఈ మూడు కుర్చీల్లో భారతీయులు గానీ, పాకిస్తానీలు గానీ, ఈ రెండు ప్రభుత్వాల దగ్గర ఎప్పుడైనా పనిచేసినవాళ్లు గానీ కూర్చోకూడదు, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప.

ఇంజినీరుకు తీర్పులో ఓటు ఉండటం గమనించాలి. మన దగ్గర రాష్ట్రాల తగువుల్లో అలా లేదు. కృష్ణా జలాల మీద 1969లో బచావత్ ట్రిబ్యునల్, 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ఏర్పడ్డాయి. 1956 నాటి చట్టం ప్రకారం వాటి చైర్మన్నూ, ఇద్దరు సభ్యులనూ భారత ప్రధాన న్యాయమూర్తే జడ్జీల్లోంచి ఎంపిక చేస్తారు. ఇంజినీర్లు అసెసర్లుగా సలహా ఇవ్వొచ్చు, అంతే. ఎంపికలో రాష్ట్రాల మాటకు చోటు లేదు. ఒకే సుప్రీంకోర్టు నీడన ఉన్న రాష్ట్రాలకు అది సరిపోతుంది. పైన ఎవరూ లేని రెండు దేశాలకు ఇంకా ఓపికైన ఏర్పాటు కావాలి.

ఆ ఓపిక ఏడో పేరాలో ఉంది. ఒక్కో తరగతికి నలుగురి చొప్పున ముందే ప్యానెల్ పెట్టుకుని ఉంటే అందులోంచి చీటీ తీయండి. ప్యానెల్ లేదా, మాట్లాడుకుని ఒక పేరుకు రండి. కుదరలేదా, ఎంపికలో సాయపడే మనిషినైనా కలిసి అనుకోండి. అదీ కుదరకపోతే చివరి మెట్టు: చైర్మన్ కోసం ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి లేదా ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు, ఇంజినీరు కోసం ఎంఐటీ అధ్యక్షుడు లేదా లండన్ ఇంపీరియల్ కాలేజీ రెక్టార్, న్యాయ నిపుణుడి కోసం అమెరికా ప్రధాన న్యాయమూర్తి లేదా ఇంగ్లండ్ లార్డ్ చీఫ్ జస్టిస్. ఎవరిని అడగాలో చీటీయే తేలుస్తుంది.

ఎంత అందమైన పని! ఈ చివరి మెట్టు మీద చీటీ ఎంపిక చేసేది జడ్జిని కాదు, జడ్జిని ఎంపిక చేసేవాణ్ని. అవతలివాళ్లు తమ మనిషిని తెచ్చారనడానికి వీల్లేదు; అలాగని మంచి ఇంజినీరు ఎవరో తేల్చే పని అదృష్టానికి వదిలేయనూ లేదు. పైగా జాబితాలో ఉన్నవన్నీ పదవులే, ఒక్క మనిషి పేరూ లేదు. అందుకే యాభై ఏళ్ల తర్వాత కూడా అది పనిచేసింది. 2010లో భారత్ కడుతున్న కిషన్‌గంగ జలవిద్యుత్ ప్రాజెక్టు మీద వచ్చిన వివాదానికి ముగ్గురు అంపైర్లనూ ఆ చివరి మెట్టు మీదే తెచ్చుకున్నారు. అంతర్జాతీయ న్యాయస్థానం మాజీ అధ్యక్షుడు స్టీఫెన్ ష్వేబెల్ చైర్మన్, జలశాస్త్రవేత్త హోవర్డ్ వీటర్ ఇంజినీరు, ఫ్రాంక్లిన్ బెర్మన్ న్యాయ నిపుణుడు. పూడిక తీయడానికి జలాశయాన్ని ఎంతవరకు ఖాళీ చేయొచ్చు, డ్యామ్ కింద నదికి ఎంత నీరు వదలాలి అన్నవి ఆ కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు. కనీసం సెకనుకు 9 ఘనపు మీటర్లు వదలాలని 2013 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఇలాంటి లెక్క తేల్చేటప్పుడు బెంచి మీద ఇంజినీరు ఉండాల్సిందే.

ఈ కట్టడంలో నాకు కనిపించే వదులు జాగా ఒక్కటే. సాంకేతిక తగాదాలకు తటస్థ నిపుణుడు అనే వేరే దారి కూడా ఒప్పందంలో ఉంది. ఇద్దరూ చెరో దారి పట్టుకుంటే ఏది ముందో తేటగా లేదు. 2016లో సరిగ్గా అదే జరిగింది. భారత్ నిపుణుణ్ని కోరింది, పాకిస్తాన్ కోర్టును కోరింది. 2022లో ప్రపంచ బ్యాంకు రెంటినీ నడిపించింది. కోర్టు చెల్లదన్న భారత్ తన ఇద్దరినీ వేయలేదు, ఐదుగురే కూర్చున్నారు. 2025 ఏప్రిల్‌లో భారత్ ఒప్పందం అమలునే నిలిపివేసింది.