చంద్రగిరి తీరంలో నిందితులెవరు?

కన్నడ కథాసాహిత్యంలో ముస్లిం స్త్రీ జీవితాన్ని లోపలి నుంచి చూపిన తొలి రచయిత్రులలో సారా అబూబకర్ (1936–2023) ఒకరు. కాసరగోడులో పుట్టి, కన్నడంలో చదువుకొని, మంగళూరులో స్థిరపడిన ఆమె ఇంటి భాష మలయాళం. తీరప్రాంత రచయిత్రుల, పాఠకురాళ్ల సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. ఆమె మొదటి నవల ‘చంద్రగిరియ తీరదల్లి’ 1980ల తొలినాళ్లలో ‘లంకేశ్ పత్రిక’లో ధారావాహికగా వెలువడింది.

నాదిరా, రషీదు అన్యోన్య దంపతులు. అల్లునిపై కోపంతో తండ్రి కూతురిని పుట్టింట నిలిపివేసి, వ్యవహారాన్ని విడాకుల దాకా తెస్తాడు. తిరిగి కలవాలంటే ఆమె ఒక్క రాత్రికి మరొకరి భార్య కావాలన్నారు. నాదిరా మసీదు కొలనులో ప్రాణం విడిచింది.

ఈ నవల మతాన్ని నిందించిందన్నవారు ఉన్నారు. నిందితులెవరో విచారిద్దాం. మూడవ తలాఖు పిమ్మట స్త్రీ మరొకరిని వివాహమాడి, ఆ బంధమూ ముగిసినప్పుడే మొదటి భర్తను చేరవచ్చునని దివ్యఖుర్ఆన్ (2:230) చెప్పింది. తలాఖును ఆటగా భావించే పురుషునికి అది కళ్లెం. ఆ కళ్లెం తప్పించుకొనే ఉపాయమే ఒక్క రాత్రి నికాహ్. అలా చేసేవానిని, చేయించుకొనేవానిని దైవప్రవక్త (స) శపించినట్లు తిర్మిజీ, అబూ దావూద్ సంపుటాలలో హదీసు ఉన్నది. విడాకుల షరతును నికాహ్‌లోనే చేర్చితే అది చెల్లదని షాఫయీ ధర్మశాస్త్రం చెబుతుంది. హనఫీ ఉలమాలలో పలువురు పాపమంటూనే చెల్లుతుందన్నారు. దురాచారం దూరింది ఇటువంటి సందులోంచే.

ఇక తండ్రి సంగతి. పూర్వభర్తను ఇష్టపడి తిరిగి చేసుకోబోయే స్త్రీకి అడ్డుపడవద్దని 2:232 సంరక్షకులను వారించింది. మఅఖిల్ బిన్ యసార్ తన చెల్లెలిని అలా అడ్డుకొన్నప్పుడు ఈ వాక్యం అవతరించిందని బుఖారీ గ్రంథం చెబుతుంది. వాక్యం మూడు తలాఖులు పూర్తికాని సందర్భానిదే అయినా, ఆడపిల్ల కాపురం తండ్రి పంతానికి బలికారాదన్న నీతి మాత్రం స్పష్టం.

సర్వోన్నత న్యాయస్థానం 2017లో ఒక్కసారి పలికే మూడు తలాఖులను కొట్టివేసింది. హలాలా ప్రశ్నను ఆ తీర్పు తేల్చలేదు.

పై సంగతులు మదర్సాలో చదివిన మాబోటివారికి కొత్తవి కావు. అయినా అరబ్బీలో నేర్చి అరబ్బీలోనే వదిలివేశాము. నాదిరా వంటి ఆడపిల్ల చెవికి అవి చేరలేదు. మేము చెప్పవలసిన సమయంలో చెప్పని మాటను సారా కన్నడంలో కథగా చెప్పారు. కోపగించుకోవలసింది ఆమె మీద కాదు.