సోపానచతుష్టయము: క్రైస్తవధ్యానుల పరిభాషకుఁ దెలుఁగు

అన్యమతగ్రంథములఁ దెనిఁగించువారికిఁ గథ కష్టము గాదు, పరిభాష కష్టము. మంగళగిరి ఆనందకవి క్రీస్తుచరిత్రమును బ్రబంధముగా రచించి దానికి వేదాంతరసాయనమని పేరిడెను. ఆ పేరు వినఁగానే పండితునకు నన్యభావము తొలఁగును. తొలఁగుట మేలే, కాని పేరుతోఁబాటు అర్థము కూడ మాఱిపోవునా యను శంక వెంటనే పుట్టును. ఐరోపాఖండమున 12వ శతాబ్దము మొదలు 15వ శతాబ్దమువఱకు వర్ధిల్లిన క్రైస్తవధ్యానుల రచనల విషయమున నీ శంక మిక్కిలి బలమైనది. వారి సాధనక్రమమునకుఁ దగిన మాటలు మన శాస్త్రములందు సిద్ధముగా నున్నట్లు తోఁచుటయే యిందలి చిక్కు.

ఆ క్రమమును సూత్రప్రాయముగాఁ జెప్పినవాఁడు రెండవ గీగో. ఇతఁడు 12వ శతాబ్దోత్తరార్ధమున ఫ్రాన్సుదేశపుఁ గొండలలోని గ్రాండ్ షార్‌త్రూజ్ మఠమునకుఁ దొమ్మిదవ యధిపతి. గెర్వాసను సోదరునకు లేఖారూపమున లాటినుభాషలో నీతఁడు వ్రాసిన చిన్న పొత్తము 'సన్న్యాసుల నిచ్చెన' యని ప్రసిద్ధిగాంచెను. చాలకాలము దీనిని అగస్తీనునిదనియు, బెర్నార్డుదనియు లోకము భ్రమించినది. ఆ నిచ్చెనకు మెట్లు నాలుగు: లెక్తియో, మెదితాతియో, ఒరాతియో, కొంతెంప్లాతియో. అనఁగాఁ బఠనము, విమర్శము, ప్రార్థన, దర్శనము.

ఇవి మన శ్రవణ మనన నిదిధ్యాసనములే యనువారు గలరు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుఁడు మైత్రేయికి బోధించిన క్రమముతో నీ నిచ్చెనను బోల్చిచూచినచో వారి వాదము మొదట రమణీయముగనే యుండును. పఠనము శ్రవణము, విమర్శము మననము, కొనయందలి దర్శనము నిదిధ్యాసనఫలము. మూఁడును జక్కఁగా నమరినవి. మిగిలినది ఒరాతియో. దానిని నిదిధ్యాసనమనుట పొసఁగదు. నిదిధ్యాసనమనఁగా విజాతీయప్రత్యయములను ద్రోసిపుచ్చి చిత్తమును ఏకవస్తువునందుఁ బ్రవహింపఁజేయుట. అందుఁ గర్త సాధకుఁడే. ఒరాతియో యాచన, వచ్చువాఁడు వేఱొకఁడు, సాధకుఁడు ద్వారముకడ వేచియుండువాఁడు. గీగో మతమున విమర్శము ముదిరినకొలఁదిని సాధకునకుఁ దన యశక్తి తెలియును, తెలిసినందుననే వేఁడును. వేఁడక దర్శనము నొందుట యరుదనియు, అద్భుతమనియు నాతని సిద్ధాంతము.

ఈ మూఁడవమెట్టునకు సామ్యము పోతనామాత్యుని యష్టమస్కంధమునఁ గలదు. గజేంద్రుఁడు మొదటనే మొఱవెట్టలేదు. పోరి పోరి తన బలము చాలదని యెఱిఁగిన పిదపనే పిలిచెను. పిలుచునప్పుడు తన సంశయమును గూడ దాఁచికొనలేదు. కావున ఒరాతియోకు శరణాగతి యను మాట నిదిధ్యాసనముకంటె దగ్గఱది. అయినను భేద మొకటి గలదు. గజేంద్రుని శరణాగతికి హేతువు భయము; గీగో సాధకుని ప్రార్థనకు హేతువు ఆఁకలి. మొసలిచేఁ జిక్కినవాని పిలుపు వేఱు, రుచి తెలిసి కడుపునిండనివాని పిలుపు వేఱు.

ఆఁకలి యనుట యూరక గాదు. గీగో నిచ్చెననంతయు భోజనోపమానమున నిర్వహించినాఁడు. పఠనము కబళమును నోటఁ బెట్టును; విమర్శము నమలును; ప్రార్థన రుచిఁ దీయును; దర్శనము మాధుర్యమే. హృదయశుద్ధినిగూర్చిన క్రీస్తువాక్య మొక్కదానిని ద్రాక్షపండుగా భావించి యాతఁడు నమలి చూపును. ద్రాక్ష యనఁగానే మన యాలంకారికుల పాకవిభాగము స్ఫురించును. కాని ద్రాక్షాపాకమున రసము బహిరంతరములఁ దానే స్ఫురించును. గీగో ద్రాక్షను గానుగలోఁ బెట్టినఁగాని రసము రాదు. మన లెక్కకు నది నారికేళపాకము. పండు పేరు నమ్మి వ్యాఖ్యానించువాఁ డిచ్చటఁ బొరపడును.

ఇట్టి పొరపాటునకు మఱింత చక్కని తావు నార్విచ్ పురపు జూలియనుని గ్రంథము. ఈమె 1373వ సంవత్సరము మే మాసమున, ముప్పది యేండ్ల వయస్సునఁ దీవ్రవ్యాధిఁ బడి పదునాఱు దర్శనములఁ గాంచి, వానిని ఇంగ్లీషుభాషలో వ్రాసెను. ఆ భాషలో స్త్రీ రచించినట్లు తెలియవచ్చిన గ్రంథములలో నిదియే మొదటిది. అందొకచోట అఱచేతిలో హేజెల్ అను చిన్నకాయంత వస్తువు కనఁబడును. అది సృష్టి సమస్తమును. తెనిఁగించువానికిఁ గరతలామలక మను నానుడి నాలుకపైకి వచ్చును. దానిని వ్రాసినచో అర్థము తలక్రిందగును. కరతలామలకము జ్ఞానసౌలభ్యమునకుఁ జిహ్నము. జూలియనున కా కాయ యల్పత్వమునకుఁ జిహ్నము: ఇంత చిన్నది శూన్యములోఁ గలిసిపోక యెట్లు నిలిచినదని యామె యాశ్చర్యము, దేవుని ప్రేమచే నిలిచినదని సమాధానము. ఒకదానిలోఁ దెలిసికొనుట, వేఱొకదానిలో నిలుపఁబడుట.

ఆమె నివాసమును బర్ణశాల యనుటయు నట్టిదే. అది వనము గాదు. నాఁటి ఇంగ్లండులోని పెద్ద వర్తకనగరములలో నొకదానియందుఁ జర్చిగోడ నంటిన గది. అట్టి యేకాంతవాసినులకై 13వ శతాబ్దమున వెలసిన 'ఆంక్రెన్ విస్సె' యను నియమగ్రంథము పిల్లిని మాత్రము పెంచుకొన ననుమతించును. ధ్యాని లోపల నుండును. కష్టసుఖములు చెప్పికొనువారు కిటికీకడకు వత్తురు. సుమారు 1413లో మార్జరీ కెంపు అట్లు వచ్చి యామె సలహా నడిగెను. హైదరాబాదు పాఠకుఁడు దీనిని గ్రహింపఁ దలఁచినచో హిమాలయమును గాక, రెండు మెట్రోమార్గములు గలిసికొను అమీరుపేటను, వాహనముల రొద తెఱపిలేని పంజాగుట్ట కూడలిని దలఁచుకొని, యచ్చటి గోడ నొకదాని నంటి మూయఁబడిన గది నూహింపవలెను. రొదనుండి పాఱిపోవుట గాదు. రొదప్రక్కనే తలుపు మూసికొనుట.

సామ్యము లెల్లయెడల వ్యర్థములని దీనిచేఁ దేలదు. 14వ శతాబ్దాంతమున నజ్ఞాతకర్త రచించిన 'అజ్ఞేయమేఘము' దేవుఁడు బుద్ధికి దొరకఁడనియు, ఏకాక్షరమాత్రమైన చిన్నమాటతో హృదయమును నిలుపవలెననియుఁ జెప్పును. ఇచ్చట నేతివాదమును, నామజపమును దెచ్చుట న్యాయమే. అచ్చును నిచ్చును గదలక సరిపడును. సరిపడనిచోట శాస్త్రపదమును విడిచి తేటతెనుఁగునే పట్టవలెను: ఒరాతియోకు వేఁడికోలు, జూలియను కాయకుఁ జిన్నకాయ, ఆమె నివాసమునకు గోడగది. అట్లుగాక ప్రతిపదమునకు వేదాంతపర్యాయము నతికినచో దెలుఁగువాఁడు పరదేశపు గ్రంథమునఁ దన పుస్తకమునే మరల జదువును. మూఁడవమెట్టునందలి యాఁకలి యాతనికిఁ దెలియకయే పోవును.