కలివికోడికి దీమం

కౌజుల్ని పట్టేవాళ్లు ఉచ్చు ఒక్కదాన్నే నమ్ముకోరు. పెంచిన కౌజును బుట్టలో పెట్టి చేను గట్టున ఉంచుతారు. అది కూసిందంటే, తన హద్దులోకి ఇంకెవరో చొరబడ్డారని అడవి కౌజు రోషంగా వచ్చి ఉచ్చులో పడుతుంది. ఆ బుట్టలో పిట్టే దీమం. పక్షి శాస్త్రవేత్తలు స్పీకరులో కూత వినిపించి చేసేదీ ఇదే. వాళ్లకు ఉచ్చు అక్కర్లేదు, పిట్ట ఎదురు పడనూ అక్కర్లేదు. బదులు పలికితే చాలు.

కడప జిల్లా లంకమల కంపల్లో బతికే కలివికోడిని వెతకడానికి ఇంతకన్నా మంచి దారులు ఎక్కువ లేవు. 1848 ప్రాంతంలో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ లోకానికి చెప్పిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించినవాటి లెక్కలో చేరిపోయింది. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట ఒకదాన్ని పట్టాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దానికోసమే తిరుగుతున్న భరత్ భూషణ్ అన్వేషణ అలా ఫలించింది. పట్టిన పక్షి మాత్రం బతకలేదు. తర్వాత రెండేళ్లకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పక్షి ఉందని తేలింది సరే, ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి? పగలు పొదల నీడన కదలకుండా ఉండి, చీకటి పడ్డాక తిరిగే మట్టిరంగు పక్షిని టార్చి వేసుకుని ఎన్ని ఎకరాలు గాలిస్తారు? పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు, తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. ఈ పరిశోధనలో ఏళ్లు గడిపిన జెగనాథన్ బృందానికి దాని గొంతు దొరకడంతో పని తీరే మారింది. ఆ కూతల తొలి రికార్డింగుల గురించి సొసైటీ పత్రికలో 2004లో వచ్చింది.

కూత చిన్నదే. ‘ట్విక్-టూ, ట్విక్-టూ’ అంటూ సెకనుకు ఒకటి చొప్పున రెండు నుంచి ఇరవై సార్లు. కూసే సమయమూ ఇరుకే: పొద్దు గూకిన ముప్పావుగంట నుంచి గంటా పది నిమిషాల మధ్య, అదీ కొద్ది నిమిషాలు. ఈ సంగతి తెలియనివాడు అర్ధరాత్రి దాకా అడవిలో కూర్చుని, పక్షి లేదని రాసుకుని ఇంటికి పోగలడు. తెలిసినవాడు వెలుగుండగానే చోటుకు చేరి, ముందు ఊరకే వింటాడు. తీతువుల గోల, నైట్‌జార్ల టకటక వేరుచేసుకుంటాడు. తర్వాతే రికార్డింగు వేసి, ఆపి, మళ్లీ చెవి ఒగ్గుతాడు. నా లెక్కన ఈ ఆపడమే అసలు నైపుణ్యం. మీట నొక్కడం ఎవరైనా చేస్తారు.

బదులు వచ్చిందా, దిక్కూ దూరమూ రాసుకుని స్పీకరు కట్టేయాలి. మళ్లీ మళ్లీ వేస్తే లేని శత్రువుకోసం పక్షి మేత మాని తిరుగుతుంది. ఫొటో మోజులో ఫోన్లో కూతలు మోగిస్తూ పొదల చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే, కౌజు పట్టేవాడే నయమనిపిస్తుంది. అతని పిట్ట కనీసం కూరకైనా వస్తుంది.

చిక్కంతా బదులు రానప్పుడే. పక్షి లేదా, ఉండీ పలకలేదా? రెండుసార్లకు ఒకసారే బదులిచ్చే రకం అనుకుందాం. అక్కడే ఉన్న పక్షి వరుసగా మూడు సాయంత్రాలు నోరు విప్పకుండా ఉండే అవకాశం అప్పటికీ ఎనిమిదింట ఒకటి. అందుకే అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఏమీ వినపడని సాయంత్రాన్ని కూడా టైముతో, గాలితో, వెన్నెలతో సహా పుస్తకంలో ఎక్కించాలి. తగ్గిపోతున్న పక్షి లెక్కలో ఈ ఖాళీ పేజీలే ఎక్కువ.

వీటిమీద ఆధారపడిన నిర్ణయాలు చిన్నవి కావు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలున్న నేల ఈ పక్షికి అనువని అడుగుల గుర్తుల పరిశోధనలో తేలింది. అంటే కంప మరీ దట్టమైనా, మరీ పలచబడినా దానికి గిట్టదు. తెలుగుగంగ కాలువ ఈ ఆవాసంలోకి వస్తోందని తెలిశాక దాని దారి మార్చాల్సి వచ్చింది. నేలను చదును చేసి నిమ్మతోటలు వేయాలనుకునేవాళ్లకు ‘ఇక్కడ కలివికోడి లేదు’ అన్న ఒక్క వాక్యం చాలు. ఒక్క సాయంత్రం స్పీకరు మోగించి వచ్చిన మనిషి చేత ఆ వాక్యం రాయించకూడదు.